దీవెన పడ్డ తిట్లు

క్లూన్‌కారా,
రోస్‌కామన్ జిల్లా.
12 ఫిబ్రవరి 1959

మలకి అన్నయ్యకు,

నువ్వు డబ్లిన్‌లో క్షేమమని తలుస్తాను. తలవడమే గాని తెలిసే దారేదీ? పోయిన ఉత్తరంలో ఎప్పుడో తాతల నాటి ప్రొటెస్టెంట్ మతగురువు, రెక్టర్ ఆర్మ్స్‌బీ గురించి ఆరు పేజీలు రాశావు, నా మోకాలి గురించి ఒక్క ముక్క అడగలేదు. మోకాలు బాగానే ఉంది. వాన వచ్చే ముందు నొప్పి పుట్టి కబురు చెబుతుంది. ఇక్కడ వాన ఎప్పుడూ వస్తూనే ఉంటుంది కాబట్టి అదీ ఎప్పుడూ చెబుతూనే ఉంటుంది.

సంగతేమిటంటే, ఈసారి ఇళ్ళలో చేసే స్టేషన్ పూజ మనింటి వంతు. ఊరంతా చుట్టి మళ్ళీ మన గడపకు వచ్చింది. మార్చి పంతొమ్మిది, సెయింట్ జోసఫ్ పండుగ నాడు. ఫాదర్ కనావన్ పొద్దున్నే వచ్చి వెనక గదిలో అందరి పాపసంకీర్తనాలూ వింటారు, వంటింట్లో పూజ చేస్తారు, ముందు గదిలో ఫలహారం చేస్తారు. ఇంటికి ఒకరన్నా వస్తారు. వచ్చినవాళ్ళు దేవుణ్ణి ఎంత చూస్తారో తెలియదు గాని మన గోడలూ కప్పులూ కర్టెన్లూ మాత్రం తప్పకుండా చూస్తారు. ఇంటికి రంగు వేయించకుండా స్టేషన్ చేసిన ఆడది ఈ జిల్లాలో ఇంకా పుట్టలేదు.

వెనక గది నిండా నీ కరపత్రాలు కుక్కిన టీ పెట్టెలు. "ఈ ఇంట్లో మీరుంటారో మీ పుస్తకాల పురుగులుంటాయో తేల్చుకోండి" అని నువ్వు అద్దెకుండే ఇంటి యజమానురాలు మిసెస్ ప్రంటీ అందని, ఏడాదికొకటి చొప్పున నాకు రైల్లో తోలేస్తూ వచ్చావు. పోప్ గారిని రాక్షసుడన్న కరపత్రాల మధ్య కూర్చుని ఫాదర్ మన పాపాలు వినాలా? వచ్చి వాటి సంగతి చూడు.

పోయిన స్టేషన్ మాట నేనెత్తను. గుడ్డు మాట అసలే ఎత్తను. ఫాదర్ బల్ల దగ్గర కూర్చుని, "ఒకప్పుడు ఈ ఊరి ఫాదర్ కోయిన్ ఒక్క దెబ్బతో ఆ రెక్టర్ నోరు మూయించాడు" అన్నారు. నువ్వు "తప్పు, ఫాదర్" అన్నావు. అని ఊరుకున్నావా? మొదటి కరపత్రం నుంచి చివరిదాకా అప్పజెప్పావు. ఆయన చెంచా చేత్తో పట్టుకుని కూర్చుంటే ఎదురుగా గుడ్డు రాయైపోయింది. ఊళ్ళో ఇప్పటికీ "మలకి గుడ్డంత గట్టిది" అంటారు. నేను అనాల్సింది అన్నాను, నువ్వు సాయంత్రం బస్సెక్కావు. తొమ్మిదేళ్ళయింది. చూశావా, నేనెత్తలేదు.

పెయింటు చేతులతో,
నీ చెల్లెలు అట్రాక్టా

తా.క. గుడ్లు ఎప్పటిలాగే మిస్ హెస్టర్ ఆర్మ్స్‌బీ ఉడకబెడుతుంది. మనవాళ్ళంతా పూజలో ఉన్నప్పుడు ఊళ్ళో చేతులు ఖాళీగా ఉండేది ప్రొటెస్టెంటైన ఆవిడ ఒక్కతే.


మిసెస్ ప్రంటీ ఇల్లు,
డబ్లిన్.
17 ఫిబ్రవరి 1959

ప్రియ చెల్లెలు అట్రాక్టాకు,

నీ పన్నెండో తేదీ ఉత్తరం అందింది. అందులోని ఆరోపణలకు వరుసగా జవాబిస్తున్నాను.

మోకాలు: అడగలేదన్న మాట నిజం. ఇప్పుడు అడుగుతున్నాను.

పెట్టెలు: నేను రాలేను. ఏప్రిల్ పదిన మా చరిత్ర సంఘంలో నా కరపత్రాలు ప్రదర్శించాలి. మన క్లూన్‌కారా యుద్ధం మొత్తం బల్ల మీద పరుస్తాను. నువ్వెప్పుడూ తెరిచి చూడలేదు గనక చెబుతున్నాను, విను. 1826లో రెక్టర్ ఆర్మ్స్‌బీ "నిద్రపోతున్న క్లూన్‌కారాకు మేలుకొలుపు" అని ఒకటి అచ్చేశాడు. దానికి మన ఫాదర్ కోయిన్ "మేలుకొలిపినవాడికి నిద్రమందు" అని జవాబు వేశాడు. రెక్టర్ "నిద్రమందు సీసాలో విషం" అన్నాడు, కోయిన్ "విషానికి విరుగుడు" అన్నాడు. అలా పోయి పోయి ఏడోది రెక్టర్ వేసిన "కడసారి హెచ్చరిక". అక్కడ ఆగింది. ఎనిమిదోది ఎవరికీ దొరకలేదు. ఉందని నా నమ్మకం. మా సంఘంలో మిస్టర్ స్ప్రౌల్ అని పళ్ళ డాక్టరొకాయన ఉన్నాడు, ప్రొటెస్టెంటు, నాలాగే పోగేస్తాడు. నేను కనిపించినప్పుడల్లా "ఏం మిస్టర్ టార్పే, మీ ఫాదర్‌కి ఇంకా మాట దొరకలేదా?" అంటాడు. పన్ను పీకేవాడికి అంత నవ్వు పనికిరాదు.

పెట్టెల గురించి నా సూచనలు. రాజకీయాలవి ఎక్కడైనా పడెయ్. పార్లమెంటు అమ్మకం, పన్నులు, ఓట్లు, అన్నీ అటక మీద ఉన్నా పరవాలేదు, రాజకీయాలు అప్పటికే కుళ్ళి ఉన్నాయి. మతం పెట్టె ఒక్కటి మాత్రం, మీద "డబ్లిన్" అని నల్ల రంగుతో రాసి ఉంటుంది, దాన్ని పొడిగా, వెచ్చగా, ఎలుకలు లేని చోట పెట్టించు. క్లూన్‌కారా ఏడూ అందులోనే ఉన్నాయి. నా ముప్పై ఏళ్ళు అందులో ఉన్నాయనుకో.

గుడ్డు: ఆ విషయంలో నేను చెప్పింది చరిత్ర. చరిత్ర చల్లారిందని అబద్ధం అవ్వదు.

నీ అన్న,
మలకి


క్లూన్‌కారా.
25 ఫిబ్రవరి 1959

అన్నయ్యా,

నీ సూచనల ప్రకారమే అన్నీ చేశాను, కాబట్టి ఇక నిశ్చింతగా పడుకో.

రాజకీయాల పెట్టెలు పశువుల కొట్టం అటక మీద ఉన్నాయి. మోయడానికి వచ్చిన పాకీ డ్రూరీ ఒకటి తీసి చదివాడు. చదివినవాడు ఊరుకుంటాడా, ఆ సాయంత్రం సారా కొట్లో "మన పార్లమెంటుని ఇంగ్లీషువాళ్ళకి అమ్మేస్తున్నార్రోయ్, అచ్చులో చూశాను" అని ఒకటే గోల. అది 1800 సంవత్సరం నాటిదని ఎవరో చెప్తే, "ఇంత ఆలస్యంగానా మనకి తెలిసేది?" అని ఇంకా మండిపడ్డాడట. ఎవరికి ఓటేస్తాడో ఏమో ఈసారి.

మతం పెట్టెకి మాత్రం ఊళ్ళోకెల్లా మంచి చోటు చూశాను. మన గుడిలో పూజ బట్టలు పెట్టే గది. అక్కడ పొయ్యి ఎప్పుడూ వెలుగుతూనే ఉంటుంది, ఎలుక రమ్మన్నా రాదు. నేనూ పాకీ వెళ్ళేసరికి గుడి చూసుకునే బ్రైడీ కిల్‌రాయ్ సంతకు పోయింది. పెట్టె పొయ్యి పక్కన దించి వచ్చాం. ఆదివారం కనబడితే చెబుదామనుకున్నాను గాని రంగు డబ్బా దొర్లి ఆ హడావిడిలో మరిచాను. చెప్పకపోతే ఏముంది, దేవుడి ఇంట్లో ఎవరు దొంగిలిస్తారు?

ఇక్కడ గుడిలో మిషన్ ప్రసంగాలు మొదలయ్యాయి. ఈ వారం ఆడవాళ్ళకి, వచ్చే వారం మగవాళ్ళకి. బయటినుంచి వచ్చిన ఫాదర్ గొంతు ఉరుమే. నరకం గురించి చెప్తుంటే ముందు వరసలో నోరా ఫీనీ ముసలమ్మ చలి కోటు విప్పేసింది. గుడి తలుపు దగ్గర జపమాలలూ పుస్తకాలూ అమ్మే బల్ల పెట్టారు. ఈ ఏడాది పుస్తకాలు పాతకాలం అచ్చులో భలేగా ఉన్నాయి, జనం ఎగబడి కొంటున్నారు. ఫాదర్ కనావన్ కూడా ఒకటి తీసి మొదటి పేజీ పీఠం దగ్గరనుంచి చదివారు. "తాగుతారు, సంతల్లో తలలు పగలగొట్టుకుంటారు, దేవుడి పిలుపు వినగానే ఆవలిస్తారు" అని ఉంది. "అచ్చం మన ఊరిని చూసి రాసినట్టే ఉంది" అన్నారు ఆయన. నీకు ఇలాంటివంటే ఇష్టం కదా అని నీ కోసం ఒకటి కొన్నాను, రెండు పెన్నీలు. "మేలుకొలుపు" అనో ఏదో పేరు. ఈ ఉత్తరంతో పంపుదామంటే కవరులో పట్టలేదు, దాచి ఉంచాను.

ఇకనైనా మర్యాదగా ఒక థాంక్స్ చెప్పు.

అట్రాక్టా


డబ్లిన్.
27 ఫిబ్రవరి 1959

అట్రాక్టా,

నువ్వు కొన్నది నాదే.

ఆ బల్ల మీదున్నవన్నీ నావే. నువ్వు నా ముప్పై ఏళ్ళని పట్టుకెళ్ళి రెండేసి పెన్నీలకి ఊరికి పంచావు, పైగా అందులో ఒకటి నాకే కొన్నావు. మిసెస్ ప్రంటీ నాకు బ్రాందీ పోసింది. ఈస్టరు ముందరి తపస్సు కాలంలో తాగనని ఒట్టుపెట్టుకున్నాను, అది కూడా పోయింది.

మన వాళ్ళు కొన్నది ఎవరి పుస్తకమో తెలుసా? ప్రొటెస్టెంటు రెక్టర్ మన మతాన్ని కడిగేస్తూ రాసింది. తొమ్మిదో పేజీ దాకా తాగుడూ కొట్లాటలూ తిడతాడు. తొమ్మిదో పేజీలో పోప్‌ని అందుకుంటాడు. ఫాదర్ కనావన్ గారు తొమ్మిదో పేజీ పీఠం మీదనుంచి చదవకముందే ఏదో ఒకటి చెయ్. అయినా ఊళ్ళో ఎవరూ తొమ్మిదో పేజీ దాకా వెళ్ళరులే, ఆ నమ్మకం ఒక్కటే నన్ను నిలబెట్టింది.

వెంటనే ఇంటింటికీ వెళ్ళి కొనేసెయ్. ఒక్కోదానికి అర క్రౌను, కొన్నదానికి పదిహేను రెట్లు, ఇస్తానను. కావాలంటే ఇంకా ఇవ్వు. మడత పెట్టనివ్వకు. దేనిమీదా టీ కప్పు పెట్టనివ్వకు.

మలకి


క్లూన్‌కారా.
4 మార్చి 1959

అన్నయ్యా,

నీ ఉత్తరం చదువుతూనే చేతిలో ఉన్న బ్రష్షుతో సహా బ్రైడీ ఇంటికి పరిగెత్తాను, మోకాలితో సహా. "ఎంత పని చేశావే" అంటే ఆమె నా మీదే లేచింది. "నాకేం కల వచ్చిందా? మిషన్ వారంలో గుడి గదిలో పెట్టె. మీద డబ్లిన్ అని ఉంది. లోపల చూస్తే అన్నీ తిట్లే. మిషన్ ఫాదర్లవి కాక ఇంకెవరివి అనుకుంటారు?" అంది.

ఇక అసలు మాట. నువ్వు కూర్చుని చదువు. ఆదివారం సాయంత్రం ఆడవాళ్ళ మిషన్ ముగింపు. అందరం కొవ్వొత్తులు వెలిగించి, కొన్న జపమాలలూ పుస్తకాలూ పైకెత్తి పట్టుకుంటే మిషన్ ఫాదర్ నీళ్ళు చల్లి దీవించాడు. నీ రెక్టర్ రాసిన ప్రతి తిట్టు మీదా దీవెన పడింది. నేను "మేలుకొలుపు" పట్టుకుని నిలబడ్డాను. ఏం చెయ్యను, దించితే పక్కనున్న మిసెస్ డ్రూరీ చూస్తుంది.

దీవెన పడ్డదాన్ని అమ్మకూడదు, కొనకూడదు. మనం చిన్నప్పుడు బడిలో బెత్తం దెబ్బలతో నేర్చుకున్న సంగతే, నువ్వు మరిచినట్టున్నావు. ఇవ్వొచ్చు, పుచ్చుకోవచ్చు, అంతే. నేను నోరు తెరవకముందే, నీ ఉత్తరం నా భుజం మీంచి చదివేసిన పాకీ నీ అర క్రౌను కబురు ఊరంతా టాంటాం వేశాడు. ఇప్పుడు ఊళ్ళో మాటేమిటంటే, డబ్లిన్‌లో ఉన్న మలకి టార్పే దీవెనలు టోకున కొంటున్నాడు అని. "అక్కడ అంత పాపం చేస్తున్నాడా పాపం" అని మిసెస్ డ్రూరీ నీ పేరిట కొవ్వొత్తి వెలిగించింది.

"కడసారి హెచ్చరిక" నోరా ఫీనీ తలగడ కింద ఉంది. పెట్టుకున్నప్పటినుంచి భుజం నొప్పి లేదట. "చచ్చేదాకా ఇవ్వను, చచ్చాక శవపెట్టెలో పెట్టించుకుంటాను" అంటోంది. మిగతావాళ్ళ మాట ఒక్కటే, "మలకికి కావాలంటే మలకి వచ్చి అడగాలి, మధ్యలో నువ్వెందుకు?" అని. వాళ్ళ తప్పేముంది? మనిషి మొహం చూసి తొమ్మిదేళ్ళయింది. పంతొమ్మిదిన ఊరంతా మనింటికే వస్తుంది. ఒక్కో ఇంటికీ తిరిగే పని కూడా లేదు. వచ్చి అడుగు.

వస్తే బల్ల దగ్గర ఫాదర్ కనావన్ ఉంటారు. అదీ చెబుతున్నాను.

అట్రాక్టా


డబ్లిన్.
9 మార్చి 1959

అట్రాక్టాకు,

ఇప్పుడు నాకు అంతా అర్థమవుతోంది. ఎలుకలు లేని చోటు! ఊళ్ళో అటకలున్నాయి, అలమరలున్నాయి, మన వంటింటి పొయ్యి పైన గూడు ఉంది. అన్నీ వదిలి గుడికే ఎందుకు మోయించావు? బ్రైడీకి ఎందుకు చెప్పలేదు? పెట్టె పోతే నేను పరిగెత్తుకు వస్తాననీ, ఫాదర్ ముందు తలొంచి నిలబడతాననీ లెక్క వేసుకున్నావు. గుడ్డుకి పగ తీర్చుకున్నావు. తొమ్మిదేళ్ళు పొదిగి మరీ తీర్చుకున్నావు.

ఎందుకు రాలేదో నీకు చెప్పాల్సిన అవసరం లేదు, అయినా చెబుతాను. పోయిన స్టేషన్ నాడు నేను చెప్పింది నిజమే, చివరి మాట రెక్టర్‌దే. ఆ ఎనిమిదోది దొరికితే చివరి మాట ఫాదర్ కోయిన్‌ది అవుతుంది. అప్పుడు ఫాదర్ కనావన్ అన్నదే రైటు అవుతుంది. అది జేబులో పెట్టుకుని వచ్చి బల్ల మీద పెట్టి, "ఫాదర్, మీరే రైటు" అందామని ప్రతి శనివారం నది ఒడ్డున పాత పుస్తకాల కొట్లన్నీ తిరుగుతున్నాను. అది లేకుండా ఏ మొహం పెట్టుకుని రాను? ఉట్టి చేతులతో వచ్చి ఏమనను?

ఇప్పుడు ఉన్న ఏడూ పోయాయి. నీకు సంతోషమేనా?

మలకి


క్లూన్‌కారా.
12 మార్చి 1959

మలకీ,

కావాలని చేయలేదు. కావాలని చేసేదాన్నయితే పొయ్యిలో పెట్టేదాన్ని, సులువుగా పోయేది, మోకాలికి కూడా కలిసొచ్చేది.

ఏమనాలి అంటావు. "ఎలా ఉన్నావే" అని. గడపలో నిలబడి అది ఒక్కటి అంటే చాలు. దానికి కరపత్రం అక్కర్లేదు, ఎక్కడా అచ్చు వేయించనక్కర్లేదు. ముప్పై ఏళ్ళ నుంచి చచ్చినవాళ్ళు ఒకళ్ళకొకళ్ళు ఏం రాసుకున్నారో వెతుకుతున్నావు, బతికున్నదాన్ని నేను రాసేది నీకు ఎక్కదు.

నేను అప్పుడు కోపంలో అన్నాను, "ఫాదర్‌ని గుడ్డు తిననివ్వడం నేర్చుకునేదాకా ఈ గడప తొక్కకు" అని. నువ్వు వెళ్ళిపోతావని అనుకున్నానా? ఎవరైనా గుడ్డు కోసం వెళ్ళిపోతారా?

నీ పాత గదికి నీలం రంగు వేయించాను. డబ్బాలో మిగిలింది కదా అని.

అట్రాక్టా


క్లూన్‌కారా.
21 మార్చి 1959

అన్నయ్యా,

నువ్వు మళ్ళీ డబ్లిన్ చేరావని కార్డు వచ్చింది. మిసెస్ ప్రంటీ పిల్లి మీద కరపత్రాలు పెట్టకు, అదీ అలిగి వెళ్ళిపోతుంది.

నువ్వు బల్ల దగ్గర కూర్చున్నావు, నేను వంటింటి తలుపు దగ్గర నిలబడ్డాను. కాబట్టి నీకు కనిపించనివి నేను చెప్పాలి. మొన్న పొద్దున బస్సు దిగి గడపలో నిలబడి "ఎలా ఉన్నావే" అన్నావు చూడు, నేను లోపలికి పోయింది రొట్టె మాడుతుందని కాదు. రొట్టె ఎప్పుడో దించేశాను.

పూజ అయ్యాక నువ్వు ఒక్కొక్కళ్ళనే అడిగావు. పాకీ తల వంచి నీ చేతిలో పెట్టాడు, బైబిలు ఇస్తున్నవాడిలా. ఎవరూ కాదనలేదు. నోరా ఫీనీ తప్ప. ఆమె తలగడ నువ్వు చూడలేదు, నేను చూశాను. నీ కరపత్రం ఒక్క మడత లేకుండా, పైన చేతిరుమాలు కుట్టి పెట్టుకుంది. "ఉంచుకో నోరా, నాకంటే నీకే పనికొస్తోంది" అని నువ్వు అంటే నేను విన్నాను. ముప్పై ఏళ్ళు వెతికి పోగేసినవాడివి అలా అన్నావు. ఆ మాట నాకు ఏడు జన్మలదాకా గుర్తుంటుంది, మనకి ఒక్క జన్మే అని ఫాదర్ చెబుతారు గాని.

ఇక ఫాదర్. ఆయన ముందు గుడ్డు పెట్టాను, పైన కొట్టి మూత తీశారు, చెంచా ఎత్తారు. అప్పుడే బల్ల మీదున్న నా "మేలుకొలుపు" చూసి, "ఏం రాశాడయ్యా! మిషన్ ఫాదర్ సొంతంగా రాసిందేనా? మన మతంవాడు కాకపోతే ఇంత వేడి ఎక్కడినుంచి వస్తుంది?" అని నీ వైపు తిరిగారు. "మలకి, నువ్వు చదువుకున్నవాడివి, నువ్వు చెప్పు."

నీ నోరు తెరుచుకోవడం చూశాను. నాలిక మీదికి వచ్చేసింది, నాకు తెలుసు, నీ నోట్లో నువ్వు గింజ నానదు. తర్వాత నువ్వు గుడ్డు వైపు చూశావు. నా వైపు చూశావు. బల్ల మీద రొట్టె ముక్క తీసుకుని మొత్తం నోట్లో కుక్కుకున్నావు. కళ్ళనిండా నీళ్ళు వచ్చాయి నీకు. ఫాదర్ గుడ్డు తినడం మొదలుపెట్టారు.

ఆయన అడుగంటా తిన్నాక, వెనక వసారా నుంచి మిస్ హెస్టర్ గిన్నె తుడుచుకుంటూ వచ్చి, "అది మా ముత్తాత రాసింది, ఫాదర్. రెక్టర్ ఆర్మ్స్‌బీ. మీ పోప్ గురించి తొమ్మిదో పేజీలో ఉంటుంది" అంది. ఫాదర్ పుస్తకం తిప్పి తొమ్మిదో పేజీ తీశారు. చదివారు. మూసి బల్ల మీద పెట్టారు. "తాగుడు గురించి మాత్రం రైటే చెప్పాడు" అన్నారు. "ఇంకో గుడ్డుందా?" మిస్ హెస్టర్ గుడ్డు తేవడానికి వెళ్తూ నీ వీపు మీద తట్టిందే, ఎందుకని నువ్వు అడిగావు కదా. ముక్క గొంతులో అడ్డం పడిందని అనుకుంది.

నువ్వు బస్సెక్కాక గిన్నెలు తోముతూ నీ ఎనిమిదోదాని గురించి ఆమెని అడిగాను. ఎప్పుడూ అడగలేదేం అంది. మనమెప్పుడు అడిగాం? ఆమెను వసారాలో నిలబెట్టి గుడ్లు ఉడకబెట్టించుకున్నాం, అంతే. వాళ్ళింట్లో చెప్పుకునేది ఇదట. ఏడోది అచ్చయ్యాక ఫాదర్ కోయిన్ జవాబు రాయలేదు. నేరుగా రెక్టర్ తోట కంచె దగ్గరకి వచ్చి నిలబడి తిట్టాడు. రెక్టర్ అవతలి నుంచి తిట్టాడు. కాగితం మీదైతే తిట్టు చేరడానికి నెల పట్టేది, కంచె దగ్గరైతే అప్పటికప్పుడే. ఇద్దరికీ అదే నచ్చింది. రోజూ సాయంత్రం వచ్చి తిట్టుకునేవారట, ఒకరు రాకపోతే రెండోవాళ్ళు కబురు పంపేవారట. రెక్టర్ పోయినప్పుడు ఫాదర్ ఆ కంచె దగ్గరే చాలాసేపు నిలబడ్డాడని హెస్టర్ నాయనమ్మ చెప్పేదట.

కాబట్టి ఎనిమిదోది లేదు అన్నయ్యా. నీకు బాధగా ఉంటుందేమో. నాకు మాత్రం లేదు.

గుడ్లు తినడం అయిపోయింది కాబట్టి నిశ్చింతగా,
అట్రాక్టా


డబ్లిన్.
11 ఏప్రిల్ 1959

చెల్లాయ్,

నిన్న సంఘంలో ప్రదర్శన అయింది. ఆరు కరపత్రాలు పరిచాను. ఏడోదాని చోట ఒక చీటీ పెట్టాను, "ఇది రోస్‌కామన్‌లో ఒక ముసలమ్మ భుజానికి వైద్యం చేస్తున్నది" అని. అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. ఎనిమిదోదాని చోట ఏమీ పెట్టలేదు.

స్ప్రౌల్ వచ్చాడు. "మీ ఫాదర్‌కి ఇంకా మాట దొరకలేదా మిస్టర్ టార్పే?" అన్నాడు. "దొరికింది, కంచె దగ్గర" అన్నాను. కంచె కథ చెప్పాను. నేను చెబుతుంటే ఆయన నవ్వు ఆగిపోయింది. మీద కోటు తీసి కుర్చీకి వేలాడేసి, నా ఎదురుగా కూర్చున్నాడు. తనకీ ఒక తమ్ముడున్నాడట ఆంట్రిమ్‌లో, క్రిస్మస్‌కి కార్డులు రాసుకుంటారట. వెళ్ళేటప్పుడు నా కరపత్రాలు తనే సర్దిపెట్టాడు, ఒక్క మడత లేకుండా. పన్ను పీకేవాడి చేతులు అంత మెత్తగా ఉంటాయని నాకు తెలియదు.

నాకు బాధగా ఉంటుందేమో అన్నావు. ఉంది. ముప్పై ఏళ్ళు లేనిదాన్ని వెతికాను. కానీ ఆ శనివారాలన్నీ నేను వెతికింది అదేనా అని ఇప్పుడు అనుమానం వస్తోంది. నీ ఉత్తరాలన్నీ తీసి వరుసగా పెట్టి చదివాను. ఒక మతం పెట్టె నిండా ఉన్నాయి. అన్నీ తిట్లే. ఒక్కటీ పోగొట్టలేదు, నువ్వు నమ్మినా నమ్మకపోయినా.

వచ్చే శనివారం బస్సుకి వస్తున్నాను. కొన్నాళ్ళుంటాను. ఎన్నాళ్ళో మిసెస్ ప్రంటీకి కూడా చెప్పలేదు. దీనికి జవాబు రాయకు. ఏం తిట్టాలనుకున్నావో గేటు దగ్గర నిలబడి తిట్టు.

మలకి


క్లూన్‌కారా.
14 ఏప్రిల్ 1959

అన్నయ్యా,

జవాబు రాయొద్దన్నావు. ఇది జవాబు కాదు. శనివారం బస్సు డ్రూరీల మలుపు దగ్గరే ఆగుతుంది, గుడి దాకా రాదు, నిద్రపోకు.

గుడ్డు గట్టిగా కావాలా, మెత్తగా కావాలా, అది మాత్రం వచ్చి చెప్పు.

అట్రాక్టా